ఔషధ మొక్కకు సూక్ష్మజీవులను చంపే గుణం, యాంటీఆక్సిడెంట్ గుణం (కణాలకు హాని చేసే ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులను అణచే గుణం) ఉన్నాయో లేదో ఎలా తేలుస్తారు?

ఆకును నీడలో ఆరబెట్టి, పొడి చేసి, ఇథనాల్ అనే ఆల్కహాల్‌లో నానబెట్టి సారం తీస్తారు. బ్యాక్టీరియా పూసిన అగార్ (బ్యాక్టీరియాను పెంచే జెల్లీలాంటి పదార్థం) ప్లేటులో చిన్న గుంటలు చేసి, సారం పోసి, 37 డిగ్రీల సెల్సియస్‌లో రాత్రంతా ఉంచుతారు. పొద్దునకి ప్లేటంతా మసకగా బ్యాక్టీరియా పెరుగుతుంది. సారం పనిచేస్తే గుంట చుట్టూ మాత్రం గుండ్రంగా తేటగా ఉంటుంది. ఆ వలయాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు.

పక్క గుంటలో ఉత్త ఇథనాల్ తప్పకుండా పోయాలి, దయచేసి ఇది మానొద్దు! లేకపోతే పనిచేసింది ఆకో, ఆల్కహాలో తెలియదు. పెద్ద వలయం వచ్చినంత మాత్రాన మందు బలమైనదనీ కాదు. కొన్ని పదార్థాలు అగార్‌లో తేలిగ్గా పాకుతాయి. అందుకే పెరుగుదలను ఆపే కనీస మోతాదు కూడా చూడాలి.

యాంటీఆక్సిడెంట్ గుణానికి డీపీపీహెచ్ అనే ఫ్రీ రాడికల్ రసాయనం ఉన్న ఊదారంగు ద్రావణంలో సారం కలుపుతారు. గుణం ఉంటే రంగు పసుపుకి తిరుగుతుంది. ఊదారంగు ఎంత తగ్గిందో 517 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతితో కొలుస్తారు.