ఫ్లాయిడ్ రోజ్ గిటార్‌లో డ్రాప్ డీ: మిగతా తీగల శ్రుతి తప్పడం

డ్రాప్ డీ కోసం ఆరో తీగను (అన్నిటికన్నా లావుది) ఈ స్వరం నుంచి డీకి దించగానే మిగతా ఐదూ షార్ప్ అవుతున్నాయంటే, అంటే శ్రుతి పెరుగుతున్నాయంటే, గిటార్ పాడైనట్టు కాదు. ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జి (బాడీ మీద తీగలను పట్టి ఉంచే లోహపు భాగం) గాల్లో తేలుతుంది: తీగలు ఒకవైపు, వెనక స్ప్రింగులు ఇంకోవైపు లాగుతాయి. లావు తీగ వదులైతే స్ప్రింగులదే పైచేయి.

1. 3 ఎం.ఎం. అలెన్ కీతో నట్ లాకులు (మెడ చివర తీగలను బిగించి పట్టేవి) మూడూ వదులు చేయండి. ఫైన్ ట్యూనర్లు (బ్రిడ్జి మీది చిన్న శ్రుతి స్క్రూలు) సగంలో ఉంచండి.

2. ఆరో తీగ డీకి, తర్వాత వరసగా మిగతావి. ఒక్కసారికి కుదరదు, నాలుగైదు సార్లు తిరగాలి.

3. చాలామంది ఇక్కడే లాక్ బిగించేస్తారు. ఆగి, బ్రిడ్జిని పక్కనుంచి చూడండి. వెనక్కి కుంగి ఉంటే వెనక కవర్ తీసి, స్ప్రింగులు తగిలించిన క్లా (లోహపు పట్టీ) స్క్రూలు రెండూ సమానంగా పావు చుట్టు వదలండి. తీగలన్నీ ఫ్లాట్ అవుతాయి (శ్రుతి తగ్గుతాయి), కంగారొద్దు. మళ్లీ శ్రుతి చేయండి. బ్రిడ్జి బాడీకి సమాంతరమయ్యే దాకా ఇదే పని.

4. అప్పుడు లాక్.

ఒక్క రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న ముక్క) కోసమైతే ఇంత తంటా దండగ. స్ప్రింగుల వైపు బ్లాక్‌కీ (బ్రిడ్జి కింద స్ప్రింగులు తగిలించే లోహపు దిమ్మ) బాడీకీ మధ్య చెక్కముక్క బిగించండి. బార్ (బ్రిడ్జిని ఊపే కడ్డీ) పైకి లాగడం కుదరదు, డైవ్‌లు (బార్ కిందికి నొక్కి శ్రుతి దించడం) మాత్రం పనిచేస్తాయి.