కాటా చూడాలి, చీటీ కాదు

చిన్నా,

నిన్న రాత్రి ఫోన్‌లో నీ గొంతు విన్నాక నాకూ నిద్ర పట్టలేదు. నువ్వు రాస్తున్న మండీ బిల్లుల ప్రోగ్రామ్‌లో పై ప్యానెల్‌లో లోడు బరువు మారుస్తున్నావు, కింది ప్యానెల్‌లో బిల్లు మొత్తం కదలడం లేదు. మూడు రోజులుగా కోడ్ అటు మార్చి ఇటు మార్చి చూస్తున్నానన్నావు. ముందు అది ఆపు. వికెట్‌లో, అంటే జావాతో వెబ్ పేజీలు కట్టే ఆ ఫ్రేమ్‌వర్క్‌లో, తప్పు ఎక్కడుందో తెలియకుండా చెయ్యి పెడితే ఉన్నదానికి తోడు ఇంకోటి వచ్చి పడుతుంది.

మొదట బరువు మార్చి ఎఫ్5 నొక్కు. బ్రౌజర్‌లో చిరునామా చివర ప్రశ్న గుర్తు, పక్కన పేజీ నంబరు ఉన్నాయో లేదో చూసుకో. లేకపోతే కొత్త పేజీ పుట్టి నిన్ను తప్పుదారి పట్టిస్తుంది. ఇప్పుడు సరైన మొత్తం కనిపిస్తే డేటా అందినట్టే, తెర ఒక్కటే పాతది. పేజీ మొత్తం కాకుండా ఏ ముక్కలు మళ్లీ గీయాలో చెప్పే అజాక్స్ టార్గెట్‌కు, మొత్తం చూపించే లేబుల్‌ను యాడ్ చేయలేదన్నమాట. యాడ్ చేసి, లేబుల్‌కు సెట్‌అవుట్‌పుట్‌మార్కప్‌ఐడీ ట్రూ పెట్టు. ఐదు నిమిషాల పని.

ఎఫ్5 తర్వాత కూడా పాత అంకే ఉందా? అయితే మన మామిడి మండీని గుర్తు తెచ్చుకో. ట్రాక్టర్ కాటా ఎక్కగానే బరువు చీటీ మీద రాసిస్తారు. ఆ తర్వాత పది క్రేట్లు దింపినా చీటీలో అంకె మారదు. నీ లేబుల్ చేతిలో ఉన్నది అలాంటి చీటీయే. పేజీ పుట్టేటప్పుడు నడిచే కన్‌స్ట్రక్టర్‌లో గెట్‌టోటల్ పిలిచి, వచ్చిన అంకెను మోడల్‌లో, అంటే లేబుల్ తన విలువ తీసుకునే డబ్బాలో, పెట్టి ఇచ్చి ఉంటావు. అది పేజీ పుట్టిన క్షణంలోని అంకె. లేబుల్‌కు అంకె ఇవ్వకు, అంకె ఎక్కడ చూసుకోవాలో చెప్పు. 2018లో వచ్చిన వికెట్ 8 నుంచి ఐమోడల్‌ను, అంటే ఆ మోడల్‌ను, లాంబ్డాతో, పేరు లేని చిన్న ఫంక్షన్‌తో, రాయొచ్చు: ఖాళీ బ్రాకెట్లు, బాణం, బిల్ డాట్ గెట్‌టోటల్, అంతే. తెర మీద గీసిన ప్రతిసారీ లేబుల్ కాటా వైపే చూస్తుంది. మధ్యలో బిల్లు ఆబ్జెక్టే మారిపోయే చోటైతే, బిల్లు మోడల్‌నే రెండు ప్యానెళ్లకూ ఇచ్చి దాని నుంచి మొత్తాన్ని తీసుకోవడానికి మ్యాప్ మెథడ్ వాడు.

అప్పటికీ కుదరకపోతే రెండు ప్యానెళ్లలోనూ బిల్లుకు సిస్టమ్ డాట్ ఐడెంటిటీహాష్‌కోడ్, అంటే ఆ ఆబ్జెక్టును గుర్తుపట్టే నంబరు, ప్రింట్ చేయించు. నంబర్లు వేరువేరుగా వస్తే నీ దగ్గర ఉన్నవి రెండు బిల్లులు. నేను ఎక్కువగా చూసిన కారణం పేజీ దాటడం. వికెట్ పేజీని సీరియలైజ్ చేసి, అంటే బైట్లుగా మార్చి, డిస్క్‌లో దాస్తుంది. ఒకే పేజీలో రెండు ప్యానెళ్లు పంచుకున్న బిల్లు, తిరిగొచ్చినా ఒకటిగానే వస్తుంది. కానీ ఎంట్రీ పేజీ నుంచి అదే ఆబ్జెక్టును ప్రింట్ పేజీ చేతిలో పెట్టావనుకో, రెండు పేజీలూ విడివిడిగా డిస్క్‌కు వెళ్తాయి. వెనక్కి వచ్చేసరికి దేని కాపీ దానిదే. పేజీ దాటేటప్పుడు బిల్లు ఐడీ మాత్రమే పంపు. అవతలి పేజీ లోడబుల్ డిటాచబుల్ మోడల్‌తో డేటాబేస్ నుంచి తెచ్చుకుంటుంది. ఒక్క జాగ్రత్త: రిక్వెస్ట్ అయిపోగానే ఆ మోడల్ చేతిలోది వదిలేస్తుంది, సేవ్ చేయని మార్పు పోయినట్టే.

విసుగొచ్చి బిల్లును స్టాటిక్ వేరియబుల్‌లో మాత్రం పెట్టకు నాయనా. నేను పెట్టాను. చిత్తూరులో ఒక మండీకి రాసిన ప్రోగ్రామ్ అది, నా టేబుల్ మీద బ్రహ్మాండంగా పనిచేసింది. తోతాపురి సీజన్‌లో ఇద్దరు గుమాస్తాలు ఒకేసారి కూర్చోగానే ఒక రైతు బరువు ఇంకో రైతు బిల్లులో పడింది. "సామీ, నా లోడు ఇంత తక్కువ ఎట్లయితాది?" అంటూ ఆయన చీటీ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. సర్వర్‌లో స్టాటిక్ అందరికీ ఒకటే. మనిషికొకటి కావాలంటే, ఒక్కో బ్రౌజర్‌కు సర్వర్ విడిగా ఉంచే సెషన్‌లో, నీ సెషన్ క్లాస్‌లో పెట్టు. కాకపోతే ఒకే గుమాస్తా రెండు ట్యాబులు తెరిస్తే రెండింటికీ అదే సెషన్. అందుకే బిల్లు లాంటిది పేజీలోనే ఉంచమంటాను. మండీకి ఇచ్చే ముందు మామూలు బ్రౌజర్ ఒకటి, ఇన్‌కాగ్నిటో ఒకటి పక్కపక్కన తెరిచి, వేరువేరు బరువులు కొట్టి చూడు.

ఎఫ్5కి ఏం కనిపించిందో, ఆ రెండు నంబర్లు ఎంతో సాయంత్రానికల్లా మెసేజ్ పెట్టు. ఆదివారం వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చుకో, కూర్చుని చూద్దాం.

మీ పెదనాన్న,
తిరుపతి