తలా ఒక మాట చెప్పారు, ఎవరి మాట వినాలి?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లాలోని ఒక పల్లె. ఇంజినీరింగ్ పూర్తి చేసిన ముగ్గురు మిత్రులం కలిసి మిర్చి రైతుల కోసం ఒక యాప్ తయారు చేయాలని సంకల్పించాము. ఖమ్మం, వరంగల్, గుంటూరు మార్కెట్లలో ఆ రోజు పలికిన ధరలను ఫోనులో పక్కపక్కన చూపించడం, ఎక్కడికి తీసుకువెళితే ఖర్చులు పోను ఎంత మిగులుతుందో లెక్క కట్టి చెప్పడం, అందులోనే బండి మాట్లాడుకునే వీలు కల్పించడం మా ఆలోచన. గత నెలలో ఊళ్లోని రైతులను, ఇద్దరు అడ్తిదారులను (రైతుల సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టే వ్యాపారులను), మార్కెట్ కమిటీ ఉద్యోగి ఒకరిని, పెట్టుబడి పెట్టగలిగిన మా బంధువును ఒకేచోట కూర్చోబెట్టి నమూనా చూపించాము. రైతులు చాలా బాగుందన్నారు. అడ్తిదారులు ఇది నడవదని పెదవి విరిచారు. ధరలు ఇప్పటికే అందరికీ తెలుస్తున్నాయి కదా అని ఉద్యోగి అన్నారు. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందని బంధువు అడిగారు. ఒక రైతు మాత్రం "జెండా పాట చూపిస్తే మాకేం లాభం బాబూ" అంటూ లేచి వెళ్లిపోయారు. ఇప్పుడు ఎవరి మాట విని ఏది మార్చుకోవాలో తెలియడం లేదు. రైతులకు నచ్చింది కనుక ముందుకు వెళ్లవచ్చునా?
— ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: ఆ రోజు మీకు దొరికిన అభిప్రాయాలలో అన్నిటికంటే విలువైనది లేచి వెళ్లిపోయిన రైతు మాట. దానిని మీరు ఉత్తరం చివర ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు గాని, మీ యాప్ ఎక్కడ తప్పటడుగు వేస్తున్నదో ఆయన ఆ ఒక్క ముక్కలోనే చెప్పారు. జెండా పాట అంటే ఆ ఉదయం యార్డుకు వచ్చిన సరుకులో మేలైన లాటుకు పాడిన ధర. పత్రికలలో వచ్చేదీ, వాట్సాప్‌లో ఊరూరా తిరిగేదీ ఆ అంకే. ఆ తరువాత ఖరీదుదారు ఒక్కొక్క లాటు దగ్గర నిలబడి, బస్తా మూతి విప్పి, గుప్పెడు కాయలు చేతిలోకి తీసుకుని, తేమ ఎంత, రంగు ఎలా ఉంది, తాలు ఏ మాత్రం కలిసింది అని చూసి చెప్పే ధర చాలామంది రైతులకు అంతకంటే తక్కువగానే ఉంటుంది. మీ లెక్క జెండా పాట మీద ఆధారపడితే, గుంటూరుకు వెళితే ఇంత మిగులుతుందని మీ యాప్ చెప్పిన మాట నమ్మి కిరాయి పెట్టుకుని వెళ్లిన రైతు అక్కడ సగటు ధరకు అమ్ముకుని నష్టపోవచ్చు. ఆ నష్టానికి ఆయన మార్కెట్‌ను కాక మిమ్మల్నే తప్పుపడతారు, అందులో అన్యాయమూ లేదు. మార్కెట్ ధరలు చూపించే ప్రభుత్వ వెబ్‌సైట్ అగ్‌మార్క్‌నెట్‌లో కనిష్ఠ, గరిష్ఠ ధరలతో పాటు ఎక్కువ సరుకు ఏ ధరకు అమ్ముడుపోయిందో కూడా చూపిస్తారు. రైతుకు జెండా పాట కంటే ఆ మూడో అంకె దగ్గరిది.

ఇక మిగిలిన రైతులు బాగుందన్న మాటను మీరు తూకం వేసిన తీరు సరికాదని నా అభిప్రాయం. ఊరి పిల్లలు చదువుకుని వచ్చి, టీ ఇచ్చి, కూర్చోబెట్టి ఒక వస్తువు చూపిస్తే బాగాలేదని ముఖం మీద అనే పెద్దమనిషి మన పల్లెలలో ఎవరుంటారు? ఆ మాట మీ మీద ఉన్న అభిమానమే తప్ప యాప్ వాడతామన్న హామీ కాదు. నచ్చిందా అని అడిగితే వచ్చే జవాబు మర్యాదకు సంబంధించినది, పోయిన సీజనులో ఏం చేశారని అడిగితే వచ్చే జవాబు జీవితానికి సంబంధించినది. చివరి లోడు ఏ మార్కెట్‌కు వెళ్లింది, ఆ మార్కెట్‌కే ఎందుకు వెళ్లింది, ధర గురించి ముందుగా ఎవరికి ఫోను చేశారు, తక్‌పట్టీలో, అంటే సరుకు అమ్మాక అడ్తిదారు ఇచ్చే లెక్క చీటీలో, ఏమేమి కోతలు పడ్డాయి అని ఒక్కొక్కరి ఇంటికి వెళ్లి అడగండి. వీలైతే ఆ తక్‌పట్టీని చూపించమనండి. మడతలు పడి, మూలలు నలిగిన ఆ కాగితంలో హమాలీ, కమీషన్ ఖర్చుల పక్కన పాత బాకీ జమ కూడా కనబడితే, రైతు ఆ అడ్తికే ఎందుకు వెళ్లారో మీకు మరొకరు వివరించనక్కరలేదు.

అడ్తిదారుల మాటకు మూలం కూడా అక్కడే ఉంది. విత్తనాలకు, మందులకు, కూలీలకు సీజను మొదట్లో డబ్బు తెచ్చుకున్న రైతు పంటను ఆ అడ్తికే తీసుకువెళ్లవలసి వస్తుంది. అటువంటి రైతుకు మూడు మార్కెట్ల ధరలు పక్కపక్కన చూపించినా ఆయన ముందు ఉన్నది ఒకే దారి. అందువల్ల, నడవదన్న అడ్తిదారుల మాటలో వారి స్వార్థం ఉండవచ్చును గాని, స్వార్థం ఉన్న మాట అబద్ధమే కావాలన్న నియమం లేదు. ఎవరికి ఎక్కడ అప్పు ఉందో, ఎవరు ఎవరిని కాదని కదలలేరో వారికి తెలిసినంతగా మీకు తెలియదు. వారి మాటలో లాభాపేక్ష ఎంత, అనుభవం ఎంత అని విడదీసి చూసుకోవలసిన పని మీది.

ఇక్కడ మీరు చేసిన ఒక పొరపాటును చెప్పక తప్పదు. రైతులనూ అడ్తిదారులనూ ఒకే గదిలో కూర్చోబెట్టడం వల్ల ఆ రోజు మీకు అసలు విషయం తెలిసే అవకాశమే లేకుండా పోయింది. వచ్చే సీజనులో మళ్లీ ఎవరి దగ్గర చేయి చాచాలో ఆ మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా, నాకు మరో మార్కెట్‌లో అమ్ముకోవాలని ఉందని ఏ రైతు నోరు విప్పి చెప్పగలరు? అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే చాలునంటారు గాని, మీరు పిలిచినవారంతా ఒకే కుండలో ఉడికినవారు కారు. ఒక్కొక్కరినీ వారి వారి తావులో, విడిగా కలవవలసినదే.

ఉద్యోగి, బంధువు చెప్పినవాటికి జవాబు చిన్నది. జాతీయ స్థాయిలో ఈ-నామ్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ 2016 ఏప్రిల్ 14న మొదలైంది, ధరల సమాచారం ప్రభుత్వమే ఇస్తున్నది కనుక కేవలం ధర చూపించే మరో యాప్ అవసరం లేదన్న ఉద్యోగి మాటను ఒప్పుకోండి. డబ్బు సంగతి, ఎవరి ఏ కష్టం తీరుతుందో తేలిన తరువాతే తేలుతుంది.

నేను ఉద్యోగంలో ఉన్న రోజులలో ఒక పాల సేకరణ కేంద్రం కోసం మా బృందం సాఫ్ట్‌వేర్ తయారు చేసింది. పాలు పోసిన ప్రతిసారీ కాగితం చీటీ ఇవ్వడం దండుగని, లీటర్లు, వెన్న శాతం, రావలసిన డబ్బు అన్నీ ఫోనుకు సందేశంగా పంపవచ్చునని మేము ప్రతిపాదించాము. చూపించిన రోజున అందరూ మెచ్చుకున్నారు. వెనుక వరుసలో నిలబడిన ఒకామె మాత్రం "చీటీ ఉంటేనే బాగుండును" అని రెండుసార్లు అన్నారు. నేను దానిని నోటు పుస్తకంలో చిన్న విషయంగా రాసుకుని మరచిపోయాను. రెండు వారాలు తిరగకుండానే కేంద్రం దగ్గర గొడవలు మొదలయ్యాయి. పాలు పోసేది ఆడవారు, సందేశం వెళ్లేది ఇంట్లో మగవారి దగ్గర ఉండే ఫోనుకు. తన కష్టానికి ఎంత వచ్చిందో తెలియజెప్పే ఒకే ఒక ఆధారాన్ని, ఆమె చీర కొంగున ముడివేసుకుని ఇంటికి తీసుకువెళ్లే ఆ చీటీని, మేము పనికిరాని కాగితమనుకుని తీసివేశాము. చీటీ మళ్లీ పెట్టించాము గాని, ఆమె రెండోసారి అన్నప్పుడైనా ఎందుకని అడగనందుకు నేను ఇప్పటికీ బాధపడుతూ ఉంటాను.

వాడేవారి నుంచి నేర్చుకోవడం వల్ల ఒక ఆలోచన ఎంత మారిపోగలదో చూడాలంటే కెన్యాలో ఫోను ద్వారా డబ్బు పంపుకునే ఎం-పెసా సేవను చూడండి. వొడాఫోన్, సఫారీకామ్ అనే ఫోను కంపెనీలు కలిసి 2005లో దానిని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టినప్పుడు ఉద్దేశం వేరు. ఒక సూక్ష్మరుణ సంస్థ నుంచి అప్పు తీసుకున్నవారు వాయిదాలను ఫోను ద్వారా కట్టాలన్నదే ఆలోచన. తీరా చేతికి ఇచ్చిన తరువాత జనం దానితో ఒకరికొకరు డబ్బు పంపుకున్నారు, దారిలో దొంగల భయం ఉన్నవారు బయలుదేరే చోట జమ చేసి చేరిన చోట తీసుకున్నారు. ఆ సూక్ష్మరుణ సంస్థకేమో తన పాత లెక్కల పద్ధతితో దీనిని కలుపుకోవడం భారమయింది. తయారుచేసినవారు తమ మొదటి ఆలోచనను పట్టుకుని వేలాడలేదు. 2007 మార్చిలో దేశమంతటా విడుదల చేసినప్పుడు అప్పు వాయిదాల మాట పక్కకు పోయి, ఇంటికి డబ్బు పంపండి అన్నదే ప్రధాన ప్రచారమయింది. ఇందులో నేను ముఖ్యమనుకునేది, వారు నేర్చుకున్నది సభలో వినిపించిన పొగడ్తల నుంచి కాదు, కొన్ని వందలమంది చేతిలో అది నడుస్తున్న తీరును నెలల తరబడి చూసి నేర్చుకున్నారు.

అందువల్ల ముందుకు వెళ్లవచ్చునా అన్న మీ ప్రశ్నకు, ఇప్పుడున్న రూపంలో వద్దని, ఆలోచనను మాత్రం వదులుకోవద్దని చెబుతాను. మీ దగ్గరున్న నోట్సులో ప్రతి మనిషి అన్న మాటను ఆయన అన్నట్లే ఒకవైపు, మీరు దానికి చెప్పుకున్న అర్థాన్ని మరోవైపు రాయండి. రెండింటి మధ్య ఎక్కడ దూరం కనబడితే అక్కడికి మళ్లీ వెళ్లి అడగండి. ఒక సీజనులో ఇరవై మంది రైతుల తక్‌పట్టీలను, వారి అనుమతితోనే, వారి పేర్లు తొలగించి పోల్చి చూస్తే, ఏ రకం కాయకు, ఎంత తేమకు, జెండా పాటకూ చేతికి వచ్చిన ధరకూ తేడా ఎంత ఉన్నదో మీకు కొంతవరకు తెలుస్తుంది. బహుశా మీ యాప్ చెప్పవలసిన అసలు ధర అదే కావచ్చును. అప్పుల వివరాలు కూడా ఆ కాగితాలలో ఉంటాయి కనుక అవి మీ ముగ్గురిని దాటి బయటకు పోకుండా చూసుకోవడం మీ బాధ్యత.

అన్నిటికంటే ముందుగా లేచి వెళ్లిపోయిన ఆ రైతు ఇంటికి వెళ్లండి. ల్యాప్‌టాప్ తీసుకుపోకండి. జనవరిలో కొత్త కాయ రావడం మొదలవుతుంది కనుక, ఈసారి ఆయన సరుకు వేసుకుని వెళ్లే బండిలో మీలో ఒకరు కూర్చుని, రాత్రి యార్డులో ఆయన పక్కనే ఉండి, తెల్లవారి పాట ముగిసి తక్‌పట్టీ చేతికి వచ్చేదాకా చూస్తామని అనుమతి అడగండి.