15 సెకన్ల కర్ణాటక సంగీతం ముక్క విని రాగం, కృతి పోల్చుకోవడం ఎలా?

ముందు షడ్జం, అంటే ఆధార స్వరం 'స', పట్టుకోండి. తంబూర వినిపిస్తే దానికి 'స' అని గొంతు కలపండి. లేదంటే పాట ఎక్కడ స్థిమితంగా నిలుస్తోందో చూడండి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే: మోహన రాగంలో రిషభాన్ని ('రి') షడ్జమనుకుంటే అవే స్వరాలు మధ్యమావతిగా, గాంధారాన్ని ('గ') అనుకుంటే హిందోళంగా తోస్తాయి.

తర్వాత మధ్యమం ('మ') ఏ రకమో చూడండి. శంకరాభరణానికి శుద్ధ మధ్యమం (కింది 'మ'), కల్యాణికి ప్రతి మధ్యమం (పై 'మ'). స్వరాల్లో తేడా అదొక్కటే. 'పమగ' అని దిగేటప్పుడు 'మ' పంచమాన్ని ('ప') ఆనుకుని ఉంటే కల్యాణి, గాంధారాన్ని ఆనుకుంటే శంకరాభరణం. మధ్యమమే తగలని ముక్కయితే తొందరపడి చెప్పేయకండి.

కృతికి చరణం చివర దొరికితే అదృష్టమే, వాగ్గేయకారుడి ముద్ర (సంతకంగా వాడే పేరు) సాధారణంగా అక్కడే ఉంటుంది. 'గురుగుహ' అంటే దీక్షితార్, 'శ్యామకృష్ణ' అంటే శ్యామశాస్త్రి. 'త్యాగరాజ' దగ్గర మాత్రం జాగ్రత్త, దీక్షితార్ తిరువారూరు కృతుల్లో ఆ పేరు అక్కడి స్వామిది.