క్లోపిడోగ్రెల్‌ నాన్నగారికి పనిచేస్తుందా? జన్యు పరీక్ష ఎప్పుడు చేయించాలి?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. షుగర్‌, బీపీ ఉన్నాయి. పది రోజుల కిందట ఉన్నట్టుండి మాట ముద్దగా వచ్చింది, కుడిచెయ్యి పట్టు తప్పింది. రెండు గంటల్లో చాలావరకు సర్దుకుంది. ఎంఆర్‌ఐ తీసి చిన్న స్ట్రోక్‌ అన్నారు. ఈసీజీ బాగానే ఉందట. యాస్పిరిన్‌ 75, క్లోపిడోగ్రెల్‌ 75, అటోర్వాస్టాటిన్‌ 40, గ్యాస్‌కు ఒమెప్రజోల్‌ 20 రాసి పంపారు. ఇంగ్లండ్‌లో ఉండే అన్నయ్యేమో అక్కడ జన్యు పరీక్ష చేశాకే క్లోపిడోగ్రెల్‌ ఇస్తారని, మనవాళ్లలో సగం మందికి అది పనిచేయదని అంటున్నాడు. ఇక్కడి డాక్టర్‌గారిని అడిగితే అవసరం లేదన్నారు. ఆ పరీక్ష చేయించాలా? ఆరోగ్యశ్రీలో చేస్తారా? అప్పటిదాకా మాత్ర ఆపమంటారా? - ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మాత్ర మాత్రం ఆపకండి, ఒక్క పూట కూడా. చిన్న స్ట్రోక్‌ వచ్చాక మళ్లీ వచ్చే ముప్పు మొదటి రెండు మూడు వారాల్లోనే ఎక్కువ. మీ నాన్నగారు ఇప్పుడు సరిగ్గా ఆ రోజుల్లోనే ఉన్నారు. రక్తం గడ్డకట్టకుండా చూసే యాస్పిరిన్‌, క్లోపిడోగ్రెల్‌ రెండూ కలిపి ఇవ్వడం సరైన వైద్యమే. సాధారణంగా దీన్ని 21 రోజులు ఇచ్చి, ఆ తర్వాత రెంటిలో ఒకటే కొనసాగిస్తారు.

పరీక్ష సంగతికి ముందు రెండు పనులున్నాయి. మొదటిది గ్యాస్‌ మాత్ర. క్లోపిడోగ్రెల్‌ను కాలేయంలో పనిచేసే రూపానికి మార్చేది సీవైపీ2సీ19 అనే ఎంజైమ్‌. ఒమెప్రజోల్‌ ఆ ఎంజైమ్‌నే అడ్డుకుంటుంది. ఎసోమెప్రజోల్‌ కూడా అంతే. జన్యువులు సవ్యంగా ఉన్న మనిషిలోనూ ఇది క్లోపిడోగ్రెల్‌ బలాన్ని తగ్గిస్తుంది. ఈ రెంటినీ క్లోపిడోగ్రెల్‌తో కలపవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2009లోనే హెచ్చరించింది. పూట తేడాతో వేసుకుంటే సరిపోతుందన్నది కూడా నిజం కాదు. డాక్టర్‌గారికి ఫోన్‌ చేసి పాంటోప్రజోల్‌ 40కి మార్పించండి. మందుల పట్టీ మీద పెద్దక్షరాల్లో ఉండే బ్రాండ్‌ పేరును కాదు, దాని కింద చిన్నగా ఉండే మందు పేరును చదవండి. ఇంట్లో మిగిలిపోయిన పాత గ్యాస్‌ మాత్రల్లో ఒమెప్రజోల్‌ ఉండటం చాలా మామూలు. జన్యు పరీక్షకు డబ్బు ఖర్చు పెట్టి, ఈ మాత్రను అలాగే కొనసాగిస్తే ఆ ఖర్చంతా వృథా.

రెండోది మెడ రక్తనాళాల డాప్లర్‌, అంటే వాటిలో రక్త ప్రవాహాన్ని చూసే స్కాన్‌. అది చేశారో లేదో మీరు రాయలేదు. మాట, కుడిచెయ్యి రెండూ దెబ్బతిన్నాయంటే చాలామందిలో సమస్య మెదడు ఎడమ భాగంలో ఉన్నట్టు. అటు వెళ్లే ఎడమ కెరోటిడ్‌ ధమని బాగా పూడుకుపోయి ఉంటే ఆపరేషన్‌ ఆలోచించాలి. స్ట్రోక్‌ వచ్చిన 14 రోజుల్లోపు చేస్తేనే దానితో ఎక్కువ మేలు. అంటే మీ చేతిలో నాలుగు రోజులే ఉన్నాయి. డాప్లర్‌ గానీ, ఎంఆర్‌ యాంజియో గానీ కాకపోయి ఉంటే రేపే చేయించండి. ఇక ఈసీజీ మాట. వచ్చి పోయే ఏట్రియల్‌ ఫిబ్రిలేషన్‌ (గుండె లయ తప్పడం) ఒక్క ఈసీజీలో దొరక్కపోవచ్చు. కనీసం 24 గంటలు గుండె లయను నమోదు చేసే హోల్టర్‌ పెట్టించమని అడగండి. అది బయటపడితే క్లోపిడోగ్రెల్‌ చర్చే ఉండదు, వేరే తరగతి మందులు ఇవ్వాలి.

ఇప్పుడు మీ అన్నయ్య మాటలకు వద్దాం. ఆయన చెప్పినదాంట్లో నిజముంది. కానీ రెండు చోట్ల సవరించాలి.

ఇంగ్లండ్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్‌ సంస్థ 2024 జూలైలో ఈ పరీక్షను సిఫారసు చేసింది. స్ట్రోక్‌ లేదా మినీ స్ట్రోక్‌ వచ్చి, క్లోపిడోగ్రెల్‌ ఇవ్వాలనుకున్నవారికి సీవైపీ2సీ19 జన్యు పరీక్ష చేయాలన్నది దాని సారాంశం. ల్యాబ్‌లో చేయాలి, అది వీలుకాని చోట బుగ్గ లోపలి నుంచి నమూనా తీసి ఆసుపత్రిలోనే గంటలో ఫలితమిచ్చే చిన్న యంత్రం వాడవచ్చు. అయితే ‘పరీక్ష చేశాకే మందు’ అన్నది సరికాదు. ఫలితం కోసం వైద్యం ఆపరు. మందు మొదలుపెడతారు, ఫలితం వచ్చాక అవసరమైతే మారుస్తారు. ఇంకో సంగతి. నైస్‌ కొత్త మందులపై ఇచ్చే తీర్పులకు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌ డబ్బు కేటాయించి తీరాలి. పరీక్షల మీద ఇచ్చే సిఫారసులకు ఆ నిర్బంధం లేదు. అందుకే అక్కడ కూడా సిఫారసు వచ్చిన మర్నాటి నుంచే ప్రతి ఆసుపత్రిలో ఇది జరిగిపోదు.

‘సగం మందికి పనిచేయదు’ అన్నది రెండో సవరణ. మనం మింగిన క్లోపిడోగ్రెల్‌లో దాదాపు 85 శాతం రక్తంలో, కాలేయంలో ఉండే ఎస్టరేజ్‌ అనే ఎంజైమ్‌ల వల్ల ఏ పనికీ రాని రూపంలోకి మారిపోతుంది. మిగిలిన 15 శాతమే కాలేయంలో రెండు దశల్లో మారి, ప్లేట్‌లెట్లు గుంపు కట్టకుండా ఆపే అసలు మందవుతుంది. ఉన్నదే ఆ కాస్త, అందులో ఎంజైమ్‌ మందగిస్తే తేడా తెలుస్తుంది. ఈ ఎంజైమ్‌ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. మామూలు రకాన్ని స్టార్‌ 1 అంటారు. స్టార్‌ 2, స్టార్‌ 3 పనిచేయనివి. స్టార్‌ 17 మరీ చురుకైనది. ఒకటి మంచిది, ఒకటి పనిచేయనిది ఉంటే ‘ఇంటర్మీడియట్‌’ అని, రెండూ పనిచేయనివైతే ‘పూర్‌ మెటబొలైజర్‌’ అని రిపోర్టులో రాస్తారు. బ్రిటన్‌లో పాకిస్తాన్‌, బంగ్లాదేశ్‌ మూలాలున్న 44,396 మందిని పరిశీలించినప్పుడు ఈ రెండు రకాలవారూ కలిపి 57 శాతం ఉన్నారు, అందులో పూర్‌ రకం 13 శాతం. దక్షిణాది రాష్ట్రాల్లో చేసిన పరిశీలనల్లోనూ ఇంచుమించు ప్రతి మూడు జన్యు ప్రతుల్లో ఒకటి స్టార్‌ 2గా తేలింది. అంటే సగం మందికి మందు కొంత తక్కువగా పనిచేస్తుంది, బాగా తక్కువగా పనిచేసేది అందులో చిన్న భాగానికే.

ఫలితం తెలిస్తే లాభం ఎంత? చైనాలో జరిగిన ఛాన్స్‌-2 ట్రయల్‌ దీనికి మంచి ఆధారం. పనిచేయని జన్యువున్న 6,412 మంది స్ట్రోక్‌ రోగులను తీసుకుని, సగం మందికి యాస్పిరిన్‌తో క్లోపిడోగ్రెల్‌, మిగతా సగానికి యాస్పిరిన్‌తో టికాగ్రెలార్‌ అనే అలాంటిదే మరో మందు ఇచ్చారు. 90 రోజుల్లో మళ్లీ స్ట్రోక్‌ వచ్చింది క్లోపిడోగ్రెల్‌ వాడినవారిలో 7.6 శాతానికి, టికాగ్రెలార్‌ వాడినవారిలో 6 శాతానికి. సుమారు 60 మందికి మందు మారిస్తే ఒక స్ట్రోక్‌ తప్పిందన్నమాట. పెద్ద రక్తస్రావాలు రెండు వైపులా 0.3 శాతమే. చిన్నాచితకా అన్నీ కలిపితే మాత్రం టికాగ్రెలార్‌తో రెట్టింపు. ఈ మేలు తక్కువేం కాదు, అద్భుతమూ కాదు. బీపీ అదుపులో పెట్టడం, చెడు కొలెస్టరాల్‌ ఎల్‌డీఎల్‌ను 70 లోపు దించడం, రోజూ మాత్ర మరవకపోవడం దీనికంటే పెద్ద రక్షణలు. ‘మందు వాడుతుండగానే మళ్లీ స్ట్రోక్‌ వచ్చింది’ అని చేరేవారిని గుచ్చి అడిగితే, మాత్రలు అయిపోయి వారం అయిందని తేలడం ఎప్పుడూ ఉండే సంగతే.

మీ డాక్టర్‌గారిని అడగాల్సిన అసలు ప్రశ్న ఇది: 21 రోజుల తర్వాత ఏ మాత్ర కొనసాగిస్తారు? యాస్పిరినే అంటే, ఈ పరీక్ష ఫలితం ఇకపై వైద్యాన్ని పెద్దగా మార్చదు. ఆ లెక్కన ఆయన అవసరం లేదన్నది సబబే. క్లోపిడోగ్రెల్‌ అంటే మాత్రం పరీక్ష ఇప్పుడే చేయించండి, 21వ రోజుకు ముందే రిపోర్టు చేతికొచ్చేలా. ఏళ్ల తరబడి వాడబోయే మందు కాబట్టి ఈ ఖర్చు దండగ కాదు. వ్యక్తిగా నా మొగ్గు కూడా అటే.

పరీక్షకు 2, 3 మి.లీ. రక్తం చాలు. ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో తీస్తారు. పరగడుపు అక్కర్లేదు, మందులు వేసుకుంటున్నా ఫలితం మారదు. ఒక్క జన్యువుకు చేసే పీసీఆర్‌ పరీక్షకు కొన్ని వేల రూపాయలవుతుంది. వందల జన్యువులు చూసి ఆహారం, జుట్టు, వ్యాయామం గురించి చెప్పే ‘వెల్‌నెస్‌’ ప్యాకేజీలు మీకు వద్దు. ఎన్‌ఏబీఎల్‌ గుర్తింపున్న ల్యాబ్‌ చూసుకుని, స్టార్‌ 2, 3, 17 మూడూ చూస్తారా, ఎన్ని రోజుల్లో ఇస్తారు అని ముందే అడగండి. స్టార్‌ 2 ఒక్కటే చూసి ‘నార్మల్‌’ అని రాసిన రిపోర్టుతో నిశ్చింతగా ఉండలేం. ప్లేట్‌లెట్‌ అగ్రిగేషన్‌ పరీక్ష వేరు, అది ఆ రోజు మందు ప్రభావాన్ని చూపేది. రెంటినీ ఒకటనుకుని మార్చి రాయించుకున్నవారున్నారు.

పనిచేయని జన్యువు ఉందని వస్తే క్లోపిడోగ్రెల్‌ను సొంతంగా రెండు మాత్రలు చేయకండి. రెండు ప్రతులూ చెడినవారిలో రోజుకు 300 మి.గ్రా. ఇచ్చినా తగినంత ప్రభావం కనబడలేదు. యాస్పిరిన్‌ ఒక్కటే, లేదా యాస్పిరిన్‌తో డైపిరిడమోల్‌ వాడవచ్చు. మొదటి వారాల్లో టికాగ్రెలార్‌ ఒక దారి, దానితో కొందరికి ఆయాసం వస్తుంది. ప్రసుగ్రెల్‌ స్ట్రోక్‌ వచ్చినవారికి ఇవ్వకూడదు. స్టెంట్‌ వేసినవారికి రాసే మందు కాబట్టి పొరపాటున చేరే అవకాశముంది, గుర్తుంచుకోండి. ఇంకొకటి, యాస్పిరిన్‌, క్లోపిడోగ్రెల్‌ కలిపిన క్యాప్సూళ్లు దొరుకుతాయి. 21 రోజులు దాటినా పాత చీటీతో వాటినే ఏళ్లు వాడేవారికి కడుపులో, మెదడులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. డిశ్చార్జి కాగితం మీద రెండో మందు ఆపాల్సిన తేదీ వేయించుకోండి.

ఆరోగ్యశ్రీ గురించి: ఆ ప్యాకేజీలు ప్రధానంగా ఆసుపత్రిలో చేర్చుకుని చేసే చికిత్సలకు. మీ నాన్నగారు ఇంటికి వచ్చేశారు కాబట్టి దీని మీద ఆశ పెట్టుకుని రోజులు పోగొట్టుకోకండి. ఆరోగ్యమిత్రను ఒకసారి అడిగి చూడండి, కాదంటే సొంత ఖర్చుతో చేయించండి.

ఇది నాకు బాధ కలిగించే విషయం కూడా. ఈ పరీక్ష మనవాళ్లకే ఎక్కువ అవసరం, మన దగ్గరే రోగి పట్టుబట్టి చేయించుకోవాల్సి వస్తోంది. లోటు యంత్రాల్లో లేదు, హైదరాబాద్‌లో జన్యుశాస్త్ర నైపుణ్యానికి కొదవ లేదు. జీనోమ్‌ ఇండియా అనే ప్రభుత్వ ప్రాజెక్టు కింద 10,000 మంది భారతీయుల జన్యుక్రమాలు 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి. తెగిపోతున్నది నమూనా నడిచే దారి. శనివారం రాత్రి స్ట్రోక్‌తో చేరిన మనిషి రక్తం సోమవారం దాకా కదలదు. రిపోర్టు వచ్చేసరికి రోగి ఇల్లు చేరతాడు. వాట్సప్‌లో వచ్చిన పీడీఎఫ్‌ కూతురి ఫోన్లో ఉంటుంది, మూడు నెలలకు చూసే డాక్టరు ముందు ఉండదు. స్ట్రోక్‌ అడ్మిషన్‌ ఫారంలోనే ఒక గడి ఉండాలి, షుగర్‌కు తీసే సూదితోనే ఆ నమూనా తీయాలి, మూడు రోజుల్లోపు ఫలితం రావాలి. అందులో స్టార్‌ గుర్తులతో పాటు ‘క్లోపిడోగ్రెల్‌ బదులు ఇంకొకటి ఆలోచించండి’ అనే వాక్యం ఉండాలి. అది డిశ్చార్జి కాగితంలోనూ, ఆభా అనే డిజిటల్‌ ఆరోగ్య ఖాతాలోనూ చేరాలి. ఇవి కుదిరితే జిల్లా ఆసుపత్రి కూడా చేయగలదు.

జన్యువును బట్టి మందు ఎంచుకోవడం తెలుగువారికి పూర్తిగా కొత్త కూడా కాదు. ఆర్యవైశ్య కుటుంబాల్లో సూడోకోలినెస్టరేజ్‌ అనే ఎంజైమ్‌ లోపం ఎక్కువని మన మత్తు డాక్టర్లకు ఎప్పటి నుంచో తెలుసు. ఆపరేషన్‌కు ముందు కుటుంబ చరిత్ర అడిగి, అనుమానముంటే రక్తపరీక్ష చేయించి, కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్‌ ఇంజెక్షన్‌ మానేస్తారు. ఇచ్చేస్తే రోగి గంటల తరబడి సొంతంగా ఊపిరి తీసుకోలేకపోవచ్చు.

నాన్నగారి రిపోర్టు వచ్చాక దాన్ని పారేయకండి. జన్యువు మారదు కాబట్టి ఒకసారి చేస్తే చాలు. రేపు గుండెకు స్టెంట్‌ వేయాల్సి వచ్చినా అదే పనికొస్తుంది. ఆయన పూర్‌ మెటబొలైజర్‌ అయితే మీకు, మీ అన్నయ్యకు కనీసం ఒక లోపమున్న ప్రతి వచ్చినట్టే. అలాగని ఆరోగ్యంగా ఉన్న మీరు ఇప్పుడు పరీక్ష చేయించుకోనక్కర్లేదు, ఎప్పుడైనా క్లోపిడోగ్రెల్‌ రాస్తే చెప్పండి.

ఈలోగా మళ్లీ మాట తడబడినా, మూతి వంకరపోయినా, చెయ్యి, కాలు జారినా సర్దుకుంటుందేమోనని చూడకండి. మొదలైన సమయం రాసుకుని 108కి ఫోన్‌ చేయండి, సీటీ స్కాన్‌ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లమనండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు. ఆయన రెండు మందులు వాడుతున్నారని అక్కడి డాక్టర్లకు చెప్పండి. అవి వాడుతున్నంత మాత్రాన ఆ ఇంజెక్షన్‌ ఇవ్వకూడదని ఏమీ లేదు.