బోర్డు ముందు నిలబడితే వచ్చిన ప్రోగ్రామూ మరచిపోతున్నాను!

ప్రశ్న: నా వయసు 22 ఏళ్లు. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. బీటెక్ పూర్తి చేసి, ప్రోగ్రామర్ ఉద్యోగం కోసం విశాఖపట్నంలో రెండు ఇంటర్వ్యూలకు వెళ్లాను. రెండుసార్లూ తెల్లవారుజామున బస్సెక్కి, ఖాళీ కడుపుతో మూడేసి టీలు తాగి హాజరయ్యాను. లింక్డ్ లిస్ట్‌ను (ఒక్కో గడి నుంచి తరువాతి గడికి బాణం చూపే జాబితాను) తిరగేసే ప్రోగ్రామును ఇంట్లో పది నిమిషాల్లో రాస్తాను. అక్కడ బోర్డు మీద రాయమంటే మాత్రం గుండె దడ, చేతుల వణుకు, వేళ్ల తిమ్మిరి వచ్చి, ఒక్క ముక్కా గుర్తుకు రాలేదు. గంట ముందు ప్రొప్రనొలాల్ మాత్ర వేసుకోమని స్నేహితుడు చెబుతున్నాడు. చలికాలంలో నాకు పిల్లికూతలు వస్తాయి, ఇన్‌హేలర్ వాడతాను. ఆ మాత్ర వేసుకోవచ్చా?
- ఒక పాఠకుడు, గజపతి జిల్లా

సలహా: వేసుకోకూడదు. ప్రొప్రనొలాల్ గుండె మీద, కండరాల మీద అడ్రినలిన్ ప్రభావాన్ని తగ్గిస్తుంది కాబట్టి దడ, వణుకు తగ్గే మాట నిజమే. కానీ ఊపిరి గొట్టాలను తెరచి ఉంచే గ్రాహకాలను కూడా అది అడ్డుకుంటుంది. ఉబ్బస లక్షణాలున్న మీకు దానివల్ల ఆయాసం ముదరవచ్చు, ఆ సమయంలో ఇన్‌హేలర్ మందు కూడా సరిగా పనిచేయకపోవచ్చు. మీ స్నేహితుడికి పడిన మాత్ర మీకూ పడుతుందని అనుకోవద్దు.

ఇక మరపు సంగతి. మీరు చెప్పిన ప్రోగ్రాము ఏమిటో తెలియక మా మేనకోడలిని అడిగి కాగితం మీద గీయించుకున్నాను. వెనుకటి గడి, ఇప్పటి గడి, తరువాతి గడి అని మూడింటిని ఒకేసారి మనసులో పట్టుకోవాలట, తరువాతి గడిని గుర్తుంచుకోకుండా బాణం తిప్పేస్తే మిగిలిన జాబితా అంతా చేజారిపోతుందట. మనసు ఒక్కసారిగా పట్టి ఉంచుకోగలిగేది కొద్దిపాటే. అందులో సగం చోటును ‘ఎదుటివారు ఏమనుకుంటున్నారో’ అన్న ఆలోచన ఆక్రమిస్తే, జారిపోయేది ఆ మూడో గడే. అమెరికాలో నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయం, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 48 మంది కంప్యూటర్ సైన్స్ విద్యార్థులతో చేసిన అధ్యయనం 2020లో వెలువడింది. గదిలో ఒంటరిగా బోర్డు మీద రాసినవారితో పోలిస్తే, పరీక్షకుడు చూస్తుండగా పైకి చెబుతూ రాసినవారి ఫలితం సగానికి పైగా పడిపోయింది. కనుక మీకు లోపించింది చదువు కాదు, నలుగురి ఎదుట రాసే అలవాటు.

ఇంట్లో కూర్చుని మరో వంద ప్రోగ్రాములు రాసినా ఆ అలవాటు రాదు. రోజూ అరగంట నిలబడి, గోడకు తగిలించిన బోర్డు మీద, ఎదురుగా ఎవరినైనా కూర్చోబెట్టుకుని, రాసే ప్రతి వరుసనూ పైకి చెబుతూ రాయండి. కూర్చున్నవారికి ప్రోగ్రామింగ్ రాకపోయినా ఫరవాలేదు, మాట్లాడకుండా చూస్తే చాలు. మొదటి వారం తెలుగులోనే చెప్పండి. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులు పట్టుబట్టిన ఊరివారు మీరు, అందుకు మొహమాటపడవలసిన పని లేదు. తర్కం నాలుకకు అలవాటయ్యాక ఇంగ్లీషులోకి మారితే, ఆలోచన, అనువాదం అనే రెండు బరువులు ఒకేసారి మీద పడవు.

వేళ్ల తిమ్మిరికి కారణం సాధారణంగా వేగంగా ఊపిరి తీయడం, దానివల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గడం. లోపలికి పిలిచే ముందు ఐదు నిమిషాల పాటు, నాలుగు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు నెమ్మదిగా వదలండి. ప్రశ్న విన్న వెంటనే రాయడం మొదలుపెట్టకుండా, ‘ఒక్క నిమిషం ఆలోచించుకోవచ్చా’ అని అడగండి. అలా అడగడం తప్పు కాదు.

ఈసారి ముందురోజు సాయంత్రానికే విశాఖ చేరి నిద్రపోండి. ఉదయం రెండు ఇడ్లీలైనా తిని, టీ ఒక్కటితో ఆపండి. నిద్ర లేని శరీరానికి ఖాళీ కడుపు మీద మూడు టీలు పడితే, ఇంటర్వ్యూ లేకపోయినా దడ రావచ్చు.

ఇంటర్వ్యూలు లేని రోజుల్లోనూ దడ వస్తున్నా, బరువు తగ్గుతున్నా థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి. భయంతో ఇంటర్వ్యూలకు వెళ్లడమే మానేసే పరిస్థితి వస్తే మానసిక వైద్యుణ్ని కలవండి, లేదా ప్రభుత్వ ఉచిత సేవ టెలి మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేయండి. చలికాలపు పిల్లికూతల గురించి మాత్రం ఈలోగానే ఛాతీ వైద్యుడికి చూపించుకోండి.