ఆకుల మీది దుమ్ము, పత్రరంధ్రాలు

ప్రశ్న: మా డాబా మీద కుండీల్లో మామిడి, టమాటా, కలబంద పెంచుతున్నాను. నాలుగు రోజులు తుడవకపోతే ఆకులు నల్లటి దుమ్ము పడతాయి. దానివల్ల వాటికి గాలి ఆడదా? అసలు ఆకు గాలిని ఎలా తీసుకుంటుంది?
– ఒక పాఠకురాలు, పెదవాల్తేరు, విశాఖపట్నం

జవాబు: గాలిని లోపలికి లాగే అవయవమేదీ ఆకుకు లేదు. దాని బయటి పొరకు నీరు, వాయువులు దాదాపుగా దాటలేని మైనపు పూత ఉంటుంది కాబట్టి, రాకపోకలన్నీ ఆ పొరలోని పత్రరంధ్రాలనే అతిసన్నని రంధ్రాల గుండానే సాగాలి. వెలుతురులో లోపలి కణాలు కార్బన్ డయాక్సైడును వాడుకుంటూ ఉండటంతో అక్కడ దాని సాంద్రత తగ్గుతుంది. అప్పుడు బయటి గాలిలోని ఆ వాయువు తనంతట తానే లోపలికి వ్యాపించి, కణాల తడి గోడల్లో కరిగి, ఆకుకు ఆహారం తయారయ్యే హరితరేణువులను చేరుతుంది. ఆక్సిజన్ అదే దారిన బయటికి వస్తుంది.

చిక్కంతా నీటితోనే. గాలిలో కార్బన్ డయాక్సైడు ఉన్నది 0.04 శాతానికి కాస్త ఎక్కువ, అంతే. ఆ కొద్దిపాటి వాయువు కోసం రంధ్రం తెరిస్తే, మామిడి, టమాటా వంటి మొక్కల్లో ఒక్కో కార్బన్ డయాక్సైడు అణువుకు వందలాది నీటి అణువులు ఆవిరిగా పోతాయి. అందుకే ప్రతి రంధ్రానికీ ఇరుపక్కలా చిక్కుడు గింజల ఆకారంలో రెండు రక్షక కణాలు ఉంటాయి. పొద్దున వెలుగు తగలగానే వాటిలోకి పొటాషియం అయాన్లు, వాటి వెంట నీరు చేరి, కణాలు ఉబ్బి వంపు తిరగడంతో రంధ్రం తెరుచుకుంటుంది. వేళ్ళకు నీరు చాలనప్పుడు అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను దాన్ని మూయిస్తుంది. మీ కలబంద పద్ధతి వేరు: అది ప్రధానంగా రాత్రిపూట రంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడును ఆమ్ల రూపంలో దాచుకుని, పగలు వాడుకుంటుంది. మన సముద్రతీరంలోని సరుగుడు చెట్లకైతే ఆకుల పని చేసేవి సన్నని పచ్చటి రెమ్మలు. వాటి రంధ్రాలు ఆ రెమ్మల మీది గాడుల్లో దాగి ఉంటాయి.

ఇక దుమ్ము సంగతి. మామిడి ఆకుకు పత్రరంధ్రాలు అడుగువైపునే ఉంటాయి. ఆకు రెండు వైపులా రంగులేని గోళ్ళరంగు పలుచగా పూసి, ఆరాక పారదర్శకమైన టేపుతో ఊడదీసి, ఆ పొరలను బడిలోని సూక్ష్మదర్శిని కింద చూస్తే, అడుగువైపు పొరలో మాత్రమే జంట కణాల ముద్రలు కిక్కిరిసి కనిపిస్తాయి. కాబట్టి పైన పడిన దుమ్ము మామిడికి గాలి ఆడకుండా చేయడం కన్నా వెలుతురు అందకుండా చేయడమే ఎక్కువ. టమాటాకు అడుగున ఎక్కువగా, పైన కొద్దిగా రంధ్రాలుంటాయి కనుక, ముందుగా శ్రద్ధ చూపవలసింది దాని మీదనే.

ఉదయంపూట మంచినీటిని సన్నగా చల్లి ఆకులను రెండు వైపులా కడగండి. నిగనిగలాడతాయని కొందరు కొబ్బరినూనె రాస్తారు. ఆ పని మాత్రం చేయకండి, నూనె రంధ్రాలను పూడ్చడమే కాక, మరింత దుమ్మును పట్టి ఉంచుతుంది.